మ్యాప్‌లో గ్రీన్ కలర్ ఉంటే ఛార్జింగ్ దొరికినట్టేనా? హైదరాబాద్ - తెనాలి ఈవీ ట్రిప్‌లో నేను నేర్చుకున్నది

రాత్రి పదిన్నర. జగ్గయ్యపేట దగ్గర హైవే పక్కన కారు ఆపి ఉంది. బ్యాటరీ 14 శాతం. వెనక సీట్లో అమ్మ, పక్కనే మోకాళ్ల నొప్పులతో అమ్మమ్మ. నా చేతిలో ఫోన్, అందులో నాలుగు ఛార్జింగ్ యాప్‌లు. అప్పటికే రెండు స్టేషన్లు చేతులెత్తేశాయి. ఆ రెండూ యాప్‌లో మాత్రం పచ్చగా, "అవైలబుల్" అని కనిపిస్తూనే ఉన్నాయి.

"ఏరా, కరెంటు అయిపోయిందా?" అని అడిగింది అమ్మమ్మ.

"ఇంకా లేదు అమ్మమ్మా" అన్నాను. నిజమే చెప్పాను, కానీ ఎంతసేపు నిజంగా ఉంటుందో నాకే తెలీదు.

ఈవీ కొనాలనుకునే ఫ్రెండ్స్ అందరూ నన్ను అడిగేది ఒకటే ప్రశ్న: "హైవే మీద ఛార్జర్లు ఉన్నాయా?" ఉన్నాయి. హైదరాబాద్ - విజయవాడ రూట్‌లో మ్యాప్ తెరిస్తే బోలెడన్ని కనిపిస్తాయి. అసలు అడగాల్సిన ప్రశ్న అది కాదు. "ఆ ఛార్జర్ చివరిసారి ఒక కారుని ఎప్పుడు ఛార్జ్ చేసింది?" అని అడగాలి. ఈ ఆర్టికల్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు కారు, లెక్క

నాది టాటా నెక్సాన్ ఈవీ, 40.5 కిలోవాట్ అవర్ బ్యాటరీ. అంటే మన కరెంటు బిల్లు భాషలో 40.5 యూనిట్లు. కంపెనీ చెప్పిన సర్టిఫైడ్ రేంజ్ 465 కిలోమీటర్లు. అది టెస్ట్ ల్యాబ్‌లో వచ్చే నంబర్. ముగ్గురు మనుషులు, లగేజీ, ఏసీ, హైవే మీద 85 స్పీడ్ ఉంటే నాకు యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్ల దాకా వస్తోంది. అంటే ఫుల్ బ్యాటరీకి 260 చిల్లర. ట్రిప్ ప్లాన్ చేసేటప్పుడు బ్రోచర్ నంబర్ పక్కన పెట్టి, మీ కారు మీటర్ చూపించే యావరేజ్‌తోనే లెక్క వేసుకోండి.

ఉప్పల్‌లో మా ఇంటి నుంచి తెనాలి దగ్గర మా ఊరికి దాదాపు 300 కిలోమీటర్లు. మధ్యలో ఒక్క స్టాప్ సరిపోతుంది. శుక్రవారం ఆఫీస్ కాల్ లేటవడంతో 88 శాతంతోనే బయల్దేరాను. ఇది మొదటి తప్పు.

సూర్యాపేట చేరేసరికి 39 శాతం. అక్కడ రెస్టారెంట్ల దగ్గర ఛార్జర్లు ఉన్నాయి, ఒక కారు ఛార్జ్ అవుతూ కూడా కనిపించింది. ఆగలేదు. ఎందుకంటే కోదాడ దాటాక 60 కిలోవాట్ ఛార్జర్ ఒకటి పచ్చగా కనిపిస్తోంది, అక్కడైతే పని తొందరగా అయిపోతుంది అనుకున్నాను. పని చేస్తున్న ఛార్జర్‌ని కళ్లతో చూసి కూడా, యాప్‌లో ఉన్నదాన్ని నమ్మి వెళ్లిపోయాను. ఇది రెండో తప్పు, అసలు తప్పు.

కోదాడ దాటాక ఆ ధాబా దగ్గర 22 శాతంతో ఆగాను. ఛార్జర్ స్క్రీన్ వెలుగుతోంది. గన్ పెట్టాను, యాప్‌లో స్టార్ట్ నొక్కాను. కాసేపు "ప్రిపేరింగ్" అని తిరిగి, ఎర్రర్. నాలుగుసార్లు ట్రై చేశాను, నాలుగుసార్లూ అంతే. వాలెట్‌లో 200 రూపాయలు బ్లాక్ అయ్యాయి, అవి మూడో రోజు తిరిగొచ్చాయి. హెల్ప్‌లైన్‌లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది కానీ, "సార్, మా సిస్టమ్‌లో అవైలబుల్ అనే చూపిస్తోంది" అంది. టీ తాగుతున్న ధాబా ఆయన మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు: "అది పది రోజుల నుంచి పన్జేస్తలేదు తమ్మీ."

అక్కడి నుంచి జగ్గయ్యపేట వెళ్తే రెండో స్టేషన్ ఒక కాంప్లెక్స్ ఆవరణలో ఉంది. గేటుకి తాళం. లోపల ఛార్జర్ లైటు మాత్రం చక్కగా మెరుస్తోంది. అలా 14 శాతానికి వచ్చాం.

"అవైలబుల్" అని ఎవరు చెప్తున్నారు?

నేను ఆఫీసులో చేసేది బ్యాకెండ్ పని. కాబట్టి ఇంటికొచ్చాక, ఇది ఎందుకిలా జరుగుతుందో కూర్చుని చదివాను. చాలా సింపుల్.

ప్రతి పబ్లిక్ ఛార్జర్‌లో ఒక చిన్న కంప్యూటర్, సాధారణంగా ఒక సిమ్ కార్డు ఉంటాయి. అది కంపెనీ సర్వర్‌తో మాట్లాడటానికి ఓసీపీపీ అనే ఓపెన్ ప్రోటోకాల్ వాడతారు. ఇందులో ఛార్జర్ అప్పుడప్పుడు "నేను బతికే ఉన్నా" అని హార్ట్‌బీట్ పంపుతుంది. గన్ స్థితి మారినప్పుడల్లా స్టేటస్ మెసేజ్ పంపుతుంది: అవైలబుల్, ప్రిపేరింగ్, ఛార్జింగ్, ఫాల్టెడ్, ఇలా. మీ యాప్‌లో కనిపించే పచ్చ రంగు ఆ చివరి మెసేజే.

అంటే "అవైలబుల్" అన్నదానికి అర్థం "గన్ ఖాళీగా ఉంది, నాకు తెలిసి నాలో లోపం లేదు" అని ఛార్జర్ తన గురించి తాను చెప్పుకోవడం మాత్రమే. దానికి తెలియనివి చాలా ఉన్నాయి. గేటుకి తాళం ఉందని తెలీదు. ముందు ఎవరో డీజిల్ కారు పార్క్ చేశారని తెలీదు. గన్ పిన్నులు అరిగి కారుతో సరిగ్గా కలవట్లేదని, నిజంగా ఒక కారు వచ్చి ప్రయత్నించే దాకా తెలీదు. అప్పుడు కూడా ఫెయిలైన వెంటనే గన్ తీసేస్తే మళ్లీ "అవైలబుల్" లోకి వెళ్లిపోవచ్చు. సర్వర్ వైపు నుంచి చూస్తే అంతా బాగానే ఉంది. మన ఆఫీసుల్లో హెల్త్ చెక్ పచ్చగా ఉండి, యూజర్‌కి మాత్రం పేజీ లోడ్ అవ్వని రోజు ఉంటుంది కదా, అచ్చం అదే.

కానీ ఒక డేటా మాత్రం అబద్ధం చెప్పదు: పూర్తయిన ఛార్జింగ్ సెషన్. నిన్న రాత్రి ఒక కారు అక్కడ 20 యూనిట్లు తీసుకుందంటే గన్, కేబుల్, సర్వర్, గేటు, అన్నీ పని చేసినట్టే.

మూడో స్టేషన్

జగ్గయ్యపేటలో ఆ సంగతి తట్టింది. ప్లగ్‌షేర్ యాప్ తెరిచాను. ఇందులో వాడినవాళ్లే "చెక్-ఇన్" రాస్తారు: ఛార్జ్ అయిందా లేదా, ఎంత స్పీడ్ వచ్చింది అని. నందిగామ దగ్గర ఒక పెట్రోల్ బంకులో 30 కిలోవాట్ ఛార్జర్ ఉంది. అదే రోజు సాయంత్రం ఒకరు "ఓకే, 28 కిలోవాట్లు వచ్చింది" అని రాశారు. దూరం 28 కిలోమీటర్లు. మామూలుగా అయితే "30 కిలోవాట్లేనా?" అని వదిలేసేవాణ్ని. ఆ రాత్రి నాకు అది బంగారంలా కనిపించింది.

ఏసీ ఆపేశాను. స్పీడ్ 60కి తగ్గించాను. లారీలు హారన్ కొట్టుకుంటూ దాటిపోతున్నాయి. అమ్మ ఏమీ మాట్లాడలేదు, అదే ఎక్కువ భయం వేసింది. బంకులోకి తిరిగేసరికి స్క్రీన్ మీద 5 శాతం.

గన్ పెట్టాను. మళ్లీ ఎర్రర్. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో కాళ్లలో బలం పోయింది. బంకు కుర్రాడు దూరం నుంచే అరిచాడు: "అన్నా, కేబుల్ బరువుకి గన్ను కిందకి లాగుద్ది. కొంచెం పైకెత్తి పట్టుకుని స్టార్ట్ చెయ్!" రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను, అమ్మ యాప్‌లో నొక్కింది. గన్ లాక్ అయింది, లోపల "టక్" మని శబ్దం. 5 శాతం కాస్తా 6 అయింది.

48 నిమిషాల్లో 24 యూనిట్లు, బ్యాటరీ 62 శాతం. ఆ బంకులో లైట్లు ఉన్నాయి, శుభ్రమైన టాయిలెట్ ఉంది, అమ్మమ్మ కూర్చోడానికి కుర్చీ ఇచ్చారు. ఈ మూడూ ఏ స్పెసిఫికేషన్ షీట్‌లోనూ ఉండవు. ఇంట్లో పెద్దవాళ్లని, ఆడవాళ్లని తీసుకుని రాత్రి వెళ్లేటప్పుడు కిలోవాట్ల కన్నా ముందు చూడాల్సినవి అవే.

ఛార్జర్ వెతికే పద్ధతి

ఆ ట్రిప్ తర్వాత నేను ఫాలో అవుతున్నది ఇది.

1. ఫిల్టర్ పెట్టండి. మన దేశంలో ఇప్పుడు అమ్ముతున్న కార్లలో చాలావాటికి ఫాస్ట్ ఛార్జింగ్ అంటే సీసీఎస్2 గన్. పాత 15 కిలోవాట్ స్టేషన్లలో జీబీ/టీ అనే వేరే గన్ ఉంటుంది, అది మనకి సెట్ అవ్వదు. స్కూటర్లకి మాత్రమే పనికొచ్చే పాయింట్లు కూడా అదే మ్యాప్‌లో కనిపిస్తాయి. ఫిల్టర్ పెట్టగానే సగం పిన్నులు మాయమవుతాయి, మిగిలినవే మీవి.

2. చెక్-ఇన్ తేదీ చూడండి. గత రెండు మూడు రోజుల్లో ఎవరైనా విజయవంతంగా ఛార్జ్ చేశారా? నెల రోజులుగా ఏమీ లేకపోతే అది "ఉండొచ్చు" అన్న ఛార్జరే, "ఉంది" అన్నది కాదు.

3. రెండు, అంతకన్నా ఎక్కువ గన్‌లు ఉన్న చోటుకే ప్రాధాన్యం. ఒకటి పాడైనా ఇంకొకటి ఉంటుంది.

4. 24 గంటలూ మనిషి ఉండే చోటు: పెట్రోల్ బంకు, పెద్ద రెస్టారెంట్. షోరూమ్‌లు, ఆఫీసు కాంప్లెక్సులు రాత్రికి తాళం వేస్తాయి.

5. ఫోన్ చేయండి. కంపెనీ హెల్ప్‌లైన్‌కి కాదు, ఆ రెస్టారెంట్‌కో బంకుకో. "పొద్దున ఏమైనా కార్లు ఛార్జ్ అయ్యాయా?" అని అడగండి. ధాబా ఆయన దగ్గర ఉన్న సమాచారం సర్వర్ దగ్గర లేదని నాకు అనుభవంతో అర్థమైంది.

6. ఆగే చోటు దగ్గర పడేసరికి, తర్వాతి ఛార్జర్‌కి కూడా వెళ్లగలిగేంత బ్యాటరీ ఉండాలి. నా రూల్: ప్లాన్ చేసిన ఛార్జర్ దగ్గర 30 శాతం. అక్కడ ఫెయిల్ అయినా ఇంకో 50 కిలోమీటర్లు ప్రశాంతంగా వెళ్లొచ్చు.

ఇంధన పొదుపు సంస్థ బీఈఈ వాళ్ల "ఈవీ యాత్ర" యాప్ కూడా ఉంది, 2022 డిసెంబర్‌లో వచ్చింది. అన్ని కంపెనీల స్టేషన్లు ఒకేచోట చూడాలన్నది దాని ఉద్దేశం. నేను స్టేషన్లు వెతకడానికి ఒక కామన్ యాప్, డబ్బులు కట్టడానికి ఆ రూట్‌లో ఉన్న కంపెనీల యాప్‌లు పెట్టుకుంటాను. వాటిలో రిజిస్ట్రేషన్, ఓటీపీ, వాలెట్ అన్నీ ఇంట్లో వైఫై మీదే పూర్తి చేయండి. చీకట్లో, ఒక్క సిగ్నల్ గీతతో ఓటీపీ కోసం ఎదురుచూడటం నరకం.

గన్ పెట్టాక ఏం జరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది

ఫోన్ ఛార్జర్‌లా గుచ్చగానే కరెంటు రాదు. ముందు కారు, ఛార్జర్ మాట్లాడుకుంటాయి. కారు "నాకు ఇంత వోల్టేజ్, ఇంత కరెంట్ కావాలి" అంటుంది. గన్ లాక్ అవుతుంది. కరెంటు ఎక్కడా లీక్ అవ్వట్లేదని ఇన్సులేషన్ టెస్ట్ జరుగుతుంది. వోల్టేజ్ సమానం అయ్యాక లోపల స్విచ్ పడుతుంది. నేను విన్న "టక్" అదే. దీనికి అర నిమిషం దాకా పట్టొచ్చు, ఈలోపు కంగారుపడి గన్ లాగేయకండి.

ఫెయిల్ అయితే ఈ వరుసలో చూడండి:

- ముందు కారు ఆఫ్ చేసి లాక్ చేయండి. గన్ తీసి, నిమిషం ఆగి, గట్టిగా లోపలికి నొక్కి, కేబుల్ బరువు పడకుండా పైకెత్తి పట్టుకుని మళ్లీ స్టార్ట్ చేయండి.
- ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ లోపలికి నొక్కి ఉందేమో చూడండి. ఎవరో ఆడుకుంటూ నొక్కేసి ఉంటారు. చాలావాటిని తిప్పితే బయటికి వస్తుంది. పొగ, కాలిన వాసన లాంటివి ఉంటే మాత్రం ముట్టుకోకుండా వెళ్లిపోండి.
- రెండో గన్ ట్రై చేయండి.
- యాప్‌లో కాకుండా ఆర్ఎఫ్ఐడీ కార్డుతో స్టార్ట్ అవుతుందేమో చూడండి. మీ ఫోన్‌కి 5జీ ఉన్నా లాభం లేదు, ఛార్జర్‌లో ఉన్న సిమ్‌కి సిగ్నల్ ఉండాలి.
- హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి "రిమోట్ రీబూట్ చేయండి" అని అడగండి. కొన్నిసార్లు నిజంగానే పని చేస్తుంది.

ఛార్జింగ్ అయ్యాక గన్ రాకపోతే కారు అన్‌లాక్ చేసి లాగండి. అప్పటికీ రాకపోతే బలం వాడొద్దు. చాలా కార్లలో మాన్యువల్ రిలీజ్ ఉంటుంది, అది ఎక్కడుందో మాన్యువల్‌లో ఇవాళే చూసి పెట్టుకోండి.

స్పీడ్, ఖర్చు

బోర్డు మీద 60 కిలోవాట్లు అని ఉంటే మీకు 60 వస్తుందని కాదు. నా కారు గరిష్ఠంగా 50 దగ్గరే తీసుకుంటుంది. రెండు గన్‌ల ఛార్జర్ అయితే పక్క కారు వచ్చినప్పుడు పవర్ ఇద్దరికీ పంచేయొచ్చు. ఇక 80 శాతం దాటాక బ్యాటరీ తనే స్పీడ్ తగ్గించేస్తుంది. సినిమా థియేటర్ నిండుతున్నట్టే: మొదట్లో అందరూ గబగబా కూర్చుంటారు, చివర్లో ఒక్కో ఖాళీ సీటు వెతుక్కోవాలి. అందుకే హైవే మీద 80 దగ్గర తీసేసి వెళ్లిపోవడమే మనకీ, వెనక వెయిట్ చేసేవాళ్లకీ మంచిది.

ఖర్చు: నందిగామలో యూనిట్ 20 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. 24 యూనిట్లకి 566 రూపాయల 40 పైసలు. అంటే కిలోమీటర్‌కి మూడున్నర రూపాయల పైనే. ఇంట్లో ఛార్జ్ చేస్తే నాకు యూనిట్ 9 రూపాయల లెక్కన కిలోమీటర్‌కి రూపాయిన్నర లోపే. నా పాత పెట్రోల్ కారుకి ఏడు రూపాయల దాకా అయ్యేది. పబ్లిక్ ఛార్జింగ్ ఇంటి కన్నా బాగా ఖరీదు, పెట్రోల్ కన్నా చవక. రోజూ పబ్లిక్ ఛార్జర్ మీదే బతకాలంటే ఈ లెక్క ముందే వేసుకోండి.

ఊళ్లో ఛార్జింగ్

ఇంటికి చేరేసరికి 30 శాతం. మా ఇంట్లో 15 యాంప్స్ ప్లగ్ ఉంది, కారుతో వచ్చిన పోర్టబుల్ ఛార్జర్ పెడితే ఎర్ర లైటు. ఎర్తింగ్ లేదట. పొద్దున్నే నాన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచాడు. ఎర్త్ గుంత ఎండిపోయి ఉంది. ఆయన రెండు బకెట్ల నీళ్లు పోయగానే ఎర్ర లైటు పోయి ఛార్జింగ్ మొదలైంది. ఇది తాత్కాలికమే, తర్వాత కొత్త ఎర్తింగ్ వేయించాం. ఆ ఎర్ర లైటుని మాయ చేసే అడాప్టర్లు అమ్ముతారు, దయచేసి వాటి జోలికి పోకండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ కూడా వద్దు. ఆ ప్లగ్ నుంచి గంటకి 7 శాతం చొప్పున ఎక్కుతుంది, రాత్రంతా పెడితే తిరుగు ప్రయాణానికి సరిపోతుంది.

చివరిగా

ఆదివారం తిరిగొచ్చేటప్పుడు 97 శాతంతో బయల్దేరాం. ఒకటే స్టాప్, సూర్యాపేట. ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లాను. భోజనం అయ్యేసరికి 32 నుంచి 80 శాతం. అసలు ఏ కథా లేదు. ట్రిప్ అంటే ఇలా ఉండాలి.

కేంద్రం 2018లోనే ఛార్జింగ్ స్టేషన్ పెట్టడానికి లైసెన్స్ అక్కర్లేదని చెప్పింది. హైవేల మీద ప్రతి 25 కిలోమీటర్లకి ఒకటి ఉండాలని 2018 నాటి గైడ్‌లైన్స్ చెప్పాయి. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగ్ స్టేషన్ల కోసమే 2,000 కోట్లు కేటాయించారు. కాబట్టి మ్యాప్‌లో పిన్నులు పెరుగుతూనే ఉంటాయి. పెట్టిన ఛార్జర్ పదో నెలలో కూడా పని చేస్తోందా లేదా అన్నది మాత్రం, ప్రస్తుతానికి, వాడేవాళ్లం ఒకరికొకరం చెప్పుకోవాల్సిందే.

అందుకే మీకో పని. ఎక్కడ ఛార్జ్ చేసినా, ఫెయిల్ అయినా, అర నిమిషం ఆగి చెక్-ఇన్ రాయండి: తేదీ, వచ్చిన కిలోవాట్లు, ఏ గన్ పని చేసింది. ఆ రాత్రి నన్ను నందిగామ చేర్చింది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రాసిన ఒక్క లైను. నేనూ కోదాడ ఛార్జర్ పాడైందని రాశాను. ఆదివారం చూస్తే నా పోస్ట్ కింద ఇంకొకరు రాశారు: "ఇంకా అంతే ఉంది. ఇది చూసి సూర్యాపేటలోనే ఛార్జ్ చేసుకున్నాం, థ్యాంక్స్ బ్రో."

కంపెనీ యాప్‌లో అది ఇప్పటికీ పచ్చగానే ఉంది.